పూడిక, ఒప్పందం, లాభం: ఆంధ్రప్రదేశ్ గ్యాస్ టర్బైన్ కేంద్రాల్లో కంప్రెసర్ శుద్ధి వ్యవధి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గ్యాస్ టర్బైన్‌లోని కంప్రెసర్ రెక్కలపై పేరుకునే మలినం విద్యుదుత్పత్తిని తగ్గిస్తుంది, ఇంధన వ్యయాన్ని పెంచుతుంది. దానిని ఎన్నాళ్లకొకసారి తొలగించాలన్నది చూపుకు ఇంజనీరింగ్ ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నుంచి ఇప్పటివరకు గ్యాస్ విద్యుత్ కేంద్రాలు నడిచిన తీరును పరిశీలిస్తే, ఈ వ్యవధిని యంత్ర స్వభావం ఒక్కటే నిర్ణయించలేదని, ఇంధన ధర, విద్యుత్ కొనుగోలు ఒప్పందం, యంత్రం నడిచే గంటలు కలిసి నిర్ణయించాయని తెలుస్తుంది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతపు చెరువుల పూడికతీత వ్యవస్థను పోలికగా తీసుకొని, నిర్వహణ భారం ఎవరిది, ఫలం ఎవరిది అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్యాస్ టర్బైన్, కంప్రెసర్ శుద్ధి, పూడిక, దశబంధం, విజ్జేశ్వరం, జేగురుపాడు, రెండు భాగాల టారిఫ్, నంబులపూలకుంట.

1. ఉపోద్ఘాతం

ఆధునిక పరిశ్రమల చరిత్రను రాసేటప్పుడు శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, సామర్థ్యపు అంకెలు ముందుకు వస్తాయి. కట్టినదాన్ని నిలబెట్టుకోవడానికి ఏటేటా జరిగే పని చరిత్రలోకి అంతగా ఎక్కదు. చెరువు తవ్వించినవారి పేరు శాసనంలో ఉంటుంది. ఆ చెరువులో మట్టి తోడినవారి పేరు ఉండదు. విద్యుత్ కేంద్రాల విషయమూ ఇంతే. ఏ కేంద్రం ఏ సంవత్సరంలో ఎన్ని మెగావాట్లతో మొదలైందో సులభంగా తెలుస్తుంది. ఆ మెగావాట్లు తగ్గిపోకుండా ఎవరు, ఎప్పుడు, ఏ లెక్క ప్రకారం శుభ్రం చేశారన్నది చర్చకు రాదు.

ఈ వ్యాసం ఆ చిన్న పనినే ప్రధాన విషయంగా తీసుకుంటుంది. గ్యాస్ టర్బైన్ కంప్రెసర్‌లో మలినం చేరడాన్ని ఇంజనీర్లు ‘ఫౌలింగ్’ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. చెరువులో మట్టి చేరి నీటి నిల్వ తగ్గినట్లే, ఇక్కడ దుమ్ము చేరి గాలి ప్రవాహం తగ్గుతుంది. అందువల్ల ‘పూడిక’ అనే మాట ఈ సందర్భానికి సరిపోతుంది. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడడం జరిగింది. యంత్రభాగాలకు మాత్రం వాడుకలో ఉన్న ఆంగ్లపదాలనే తెలుగు లిపిలో ఉంచడమైనది.

2. పెనుకొండ సీమ: పూడికకు పాత లెక్క

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో గ్యాస్ టర్బైన్ కేంద్రం లేదు. అయితే ‘ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేయాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టాలి’ అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో దీర్ఘ చరిత్ర ఉంది. విజయనగర కాలంలో పెనుకొండ ముఖ్యమైన రాజ్యభాగానికి కేంద్రం. క్రీ.శ. 1388 నాటి శాసనం ఒకటి, పెనుకొండలో పాలన చేస్తున్న బుక్కరాయలు పెన్నానది నీటిని సిరువెర చెరువుకు మళ్లించేందుకు కాలువ తవ్వించమని జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును ఆదేశించినట్లు తెలుపుతుంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన అంగాలను, రాగల దోషాలను కూడా చెబుతుంది. నిర్మాణశాస్త్రం ఎంత అభివృద్ధి చెందిందో వీటివల్ల తెలుస్తుంది.

నిర్మాణం తర్వాతి బాధ్యతకు ఆ కాలం చూపిన పరిష్కారం దశబంధం. చెరువు తవ్వించిన లేదా బాగుచేసే వ్యక్తికి ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో కొంత భాగాన్ని ఇనాంగా ఇచ్చేవారు. పూడిక మట్టి తోలే బండ్లను పోషించడానికి ప్రత్యేకంగా దానాలు ఇచ్చిన శాసనాలు కూడా ఆ కాలంలో కనిపిస్తాయి. ఈ ఏర్పాటులోని తర్కం స్పష్టం. దశబంధం అనుభవించేవాని భూమి ఆ చెరువు కిందే ఉంది. పూడిక చేరితే మొదట ఎండేది అతని మడి. కనుక ఎప్పుడు పూడిక తీయాలో పైనుంచి ఎవరూ చెప్పనక్కరలేదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన తర్వాత పరిస్థితి క్రమంగా మారింది. చెరువుల మరమ్మతు రెవెన్యూ, ఇంజనీరింగ్ శాఖల చేతిలోకి పోయింది. గ్రామస్థులు కలిసి చేసుకునే కుడిమరామతు బలహీనపడింది. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసి ఆ పనిని చట్టంతో నిలబెట్టాలని చూసింది. అంతకుముందు ప్రయోజనం చేయించిన పనిని ఇప్పుడు ఉత్తర్వు చేయించవలసి వచ్చింది. భారం, ఫలం ఒకే చేతిలో ఉన్నప్పుడు వ్యవధి తనంతట తాను కుదురుకుంటుంది. అవి విడిపోయినప్పుడు వ్యవధిని నియమంగా రాయవలసి వస్తుంది. గ్యాస్ టర్బైన్ చరిత్రను చదవడానికి ఈ భేదం ఉపకరిస్తుంది.

3. కంప్రెసర్‌లో పూడిక స్వభావం

గ్యాస్ టర్బైన్ మూడు భాగాల యంత్రం. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి ఒత్తిడి పెంచుతుంది. దహనగదిలో ఆ గాలితో ఇంధనం మండుతుంది. వేడి వాయువులు టర్బైన్‌ను తిప్పుతాయి. టర్బైన్ పుట్టించే శక్తిలో సగానికి పైగా కంప్రెసర్‌ను తిప్పడానికే పోతుంది. మిగిలినదే విద్యుత్తు అవుతుంది. స్విట్జర్లాండ్‌లోని నూషాతెల్ నగరంలో 1939లో బ్రౌన్ బోవెరీ సంస్థ నెలకొల్పిన 4 మెగావాట్ల యంత్రం విద్యుత్ సరఫరా కోసం పనిచేసిన తొలి గ్యాస్ టర్బైన్‌గా గుర్తింపు పొందింది. అందులో టర్బైన్ 15,400 కిలోవాట్లు పుట్టిస్తే 11,400 కిలోవాట్లు కంప్రెసర్‌కే ఖర్చయ్యేవి. ఇంత పెద్ద వాటా తీసుకునే భాగంలో చిన్న లోపం వచ్చినా మిగులు మీద ప్రభావం ఎక్కువగా పడుతుంది. పూడిక ప్రాముఖ్యానికి మూలం ఇదే.

గాలి పరిమాణం చూస్తే విషయం మరింత తెలుస్తుంది. 40 మెగావాట్ల తరగతి యంత్రం సెకనుకు సుమారు 140 కిలోల గాలిని పీలుస్తుంది. రోజుకు ఇది 12 వేల టన్నులు. ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాముల ధూళి ఉందనుకుంటే, వడపోత లేనిపక్షంలో రోజుకు దాదాపు ఒక కిలో ధూళి కంప్రెసర్‌లోకి వెళ్తుంది. వడపోత పరికరాలు ఇందులో అధికభాగాన్ని ఆపుతాయి. తప్పించుకునే అతి సూక్ష్మ రేణువులే పూడికకు కారణం. పెద్ద రేణువులు రెక్కలను అరగదీస్తాయి. కొన్ని మైక్రాన్ల లోపు రేణువులు నూనె ఆవిరి, తేమ, ఉప్పుతో కలిసి రెక్కలకు అంటుకుంటాయి. రెక్క ఆకారం మారుతుంది, ఉపరితలం గరుకవుతుంది, గాలి ప్రవాహం తగ్గుతుంది. యంత్రం నడిచేకొద్దీ వచ్చే మొత్తం నష్టంలో 70 నుంచి 85 శాతం దాకా పూడిక వల్లనేనని ఇంజనీరింగ్ రచనలు విరివిగా చెబుతాయి. అరుగుదల, తుప్పు వల్ల వచ్చిన నష్టం భాగాలు మార్చితే తప్ప తిరిగి రాదు. పూడిక నష్టం మాత్రం కడిగితే చాలావరకు తిరిగివస్తుంది.

ఆంధ్ర కోస్తా వాతావరణం ఈ సమస్యకు అనుకూలంగా ఉంటుంది. విజ్జేశ్వరం, జేగురుపాడు గోదావరి డెల్టా పొలాల మధ్య ఉన్నాయి. కాకినాడ సముద్రతీరం. కొండపల్లి పక్కనే ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే విజయవాడ థర్మల్ కేంద్రం ఉంది. ఉప్పు, తేమ, వరిగడ్డి పొగ, బూడిద ఒక్కోచోట ఒక్కో పాళ్లలో గాలిలో కలుస్తాయి. అందువల్ల తయారీ సంస్థ ఇచ్చిన ఒకే సూచన అన్ని కేంద్రాలకూ ఒకేలా వర్తించదు.

4. శుద్ధి పద్ధతుల పరిణామం

తొలి దశాబ్దాల్లో కంప్రెసర్లను పొడి పద్ధతిలో శుభ్రం చేసేవారు. యంత్రం నడుస్తూండగానే పొడిచేసిన వాల్‌నట్ పెంకులు, బియ్యపు గింజలు వంటివాటిని గాలి ద్వారంలోకి పోసేవారు. అవి రెక్కలకు తగిలి మురికిని రాల్చేవి. లోహాన్ని గీయనంత మెత్తగా, మురికిని రాల్చేంత గట్టిగా ఉండడం వాటి గుణం. యంత్రం ఆపనక్కరలేదు, నీరు అక్కరలేదు. అయితే ఉష్ణోగ్రతలు పెరిగి, టర్బైన్ రెక్కలకు లోపల గాలి రంధ్రాలు, పైన రక్షణపూతలు వచ్చాక ఈ పద్ధతి ప్రమాదకరమైంది. పొడి ఆ రంధ్రాలను మూసివేయవచ్చు, పూతను గీకివేయవచ్చు. నూనెతో అంటుకున్న మురికి ఎలాగూ పొడి దెబ్బకు రాలదు. ఆ విధంగా పొడి శుద్ధి క్రమంగా వెనుకబడి నీటి శుద్ధి నిలిచింది.

నీటి శుద్ధి రెండు విధాలు. మొదటిది యంత్రం నడుస్తూండగా సన్నని తుంపరలుగా నీటిని చల్లడం. దీనిని ఆన్‌లైన్ వాష్ అంటారు. ఉత్పత్తి ఆగదు. అయితే నీరు ముందు వరుసల రెక్కలను మాత్రమే బాగా కడుగుతుంది. వెనుక వరుసలకు చేరేసరికి వేడికి ఆవిరైపోతుంది. రెండవది ఆఫ్‌లైన్ వాష్. యంత్రాన్ని ఆపి, చల్లబరచి, తక్కువ వేగంతో తిప్పుతూ డిటర్జెంట్ ద్రావణం పట్టించి, నానబెట్టి, శుభ్రమైన నీటితో కడిగి, ఆరబెట్టాలి. చల్లబడని లోహానికి నీరు తగిలితే పగుళ్లకు అవకాశం ఉంటుంది. అందుకే చల్లబరచడానికి గంటల సమయం పోతుంది. ఫలితం మాత్రం ఆన్‌లైన్ వాష్ కంటే చాలా మెరుగు. రెండింటికీ ఖనిజాలు తొలగించిన నీరే వాడాలి. నీటిలో సోడియం, పొటాషియం ఉంటే వేడి భాగాలకు తుప్పు పడుతుంది. ఇటీవలి కాలంలో అతి సూక్ష్మ రేణువులను కూడా ఆపే వడపోత పరికరాలు వచ్చాయి. వాటివల్ల శుద్ధి అవసరం తగ్గుతుంది. ప్రతిగా గాలికి అడ్డు పెరిగి కొంత శక్తి పోతుంది, పరికరాల ధర కూడా ఎక్కువ. పూడిక భారాన్ని కడిగే దశ నుంచి వడపోసే దశకు మార్చడమే ఇది.

5. ఎన్నాళ్లకొకసారి: లెక్క

ఆఫ్‌లైన్ వాష్ తరచుగా చేస్తే యంత్రం ఆపిన గంటల ఆదాయం పోతుంది. అరుదుగా చేస్తే పూడిక నష్టం పెరుగుతుంది. రెండు నష్టాల మొత్తం తక్కువగా ఉండే వ్యవధిని వెదకాలి. సరుకు ఎంత మొత్తంలో తెప్పించాలన్న వ్యాపార సమస్యకు 1913లో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ ఇచ్చిన సూత్రం ఈ సమస్యకు కూడా సరిపోతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. ఒకసారి కడగడానికి, ఆపిన గంటల నష్టంతో కలిపి, 8 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. పూడిక వల్ల నష్టం రోజుకు 4,000 రూపాయల చొప్పున పెరుగుతుందనుకుందాం. అంటే కడిగిన మరునాడు 4,000, ఆ పైరోజు 8,000, అలా పెరుగుతుంది. శుద్ధి ఖర్చును రెట్టించి, నష్టం పెరిగే రేటుతో భాగించి, వర్గమూలం తీస్తే 20 రోజులు వస్తుంది. 20 రోజులకొకసారి కడిగితే పూడిక నష్టం సగటున రోజుకు 40,000, శుద్ధి ఖర్చు రోజుకు 40,000, మొత్తం 80,000. పది రోజులకొకసారి కడిగినా, నలభై రోజులకొకసారి కడిగినా మొత్తం లక్ష రూపాయలే అవుతుంది.

ఈ లెక్క మూడు విషయాలు చెబుతుంది. మొదటిది, వ్యవధిని సగం చేసినా రెట్టింపు చేసినా ఖర్చు పెరిగేది నాలుగో వంతే. కనుక ఖచ్చితమైన రోజు కోసం పట్టుబట్టడం అనవసరం. రెండవది, ఇంధన ధర నాలుగింతలైతేనే వ్యవధి సగానికి తగ్గుతుంది. మూడవది, యంత్రం వేరే కారణంతో ఎలాగూ ఆగిన రోజున కడిగితే శుద్ధి ఖర్చు 8 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోయిందనుకుంటే, వ్యవధి పదిరోజులకు దిగుతుంది. వాస్తవంలో పూడిక నష్టం సరళరేఖలా పెరగదు. మొదట త్వరగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది. వర్షం, పంటకాలం, గాలి దిశ దానిని మారుస్తాయి. అయినా సూత్రం చూపే దిశ మారదు. యంత్రపు కొలతలు ఎంత ఖచ్చితంగా ఉన్నా, అందులో రెండు అంకెలు బయటివి: ఇంధన ధర, ఆపిన గంట విలువ. ఈ రెండింటిని నిర్ణయించేది ఒప్పందం.

6. విజ్జేశ్వరం: వాటాదారుల యంత్రం

కృష్ణా–గోదావరి బేసిన్‌లో సహజవాయువు లభ్యత తేలిన తర్వాత రాష్ట్ర విద్యుత్ మండలి, ప్రైవేటు పరిశ్రమలు కలిసి 1988లో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్‌ను సంయుక్తరంగంలో ఏర్పాటు చేశాయి. గోదావరి ఆనకట్ట కుడి ఒడ్డున విజ్జేశ్వరంలో రాష్ట్రపు తొలి గ్యాస్ విద్యుత్ కేంద్రం 1990ల ప్రారంభంలో 100 మెగావాట్ల తొలిదశను పూర్తిచేసుకొంది. 1997లో 172 మెగావాట్ల రెండవదశ చేరింది.

ఈ సంస్థ ప్రత్యేకత దాని వాటాల అమరికలో ఉంది. పరిశ్రమలు వాటాధనం పెట్టి, ఆ నిష్పత్తిలో విద్యుత్తును తమ కర్మాగారాలకు తీసుకొనేవి. యంత్రం తక్కువ పుట్టిస్తే వాటాదారు లోటును మండలి నుంచి పారిశ్రామిక ధరకు కొనుక్కోవాలి. పూడిక వల్ల పోయిన ప్రతి యూనిట్ నష్టం యంత్రం యజమానిపైనే పడుతుంది. ఆయకట్టులోనే ఇనాం భూమి ఉన్న దశబంధదారుని స్థితికి ఇది దగ్గరగా ఉంది. ఇక్కడ శుద్ధి వ్యవధిని నిర్ణయించే లెక్కలో బయటివారి ప్రమేయం తక్కువ.

7. రెండు భాగాల టారిఫ్: నియమంలో రాసిన పూడిక

1991 తర్వాత విద్యుదుత్పత్తి ప్రైవేటు రంగానికి తెరుచుకొంది. కేంద్రం త్వరితగతిన అనుమతులిచ్చిన ఎనిమిది ప్రాజెక్టుల్లో జేగురుపాడులోని జి.వి.కె. కేంద్రం, కాకినాడలోని స్పెక్ట్రమ్ కేంద్రం ఉన్నాయి. 216 మెగావాట్ల జేగురుపాడు 1997 నాటికి, 208 మెగావాట్ల కాకినాడ కేంద్రం 1998లో ఉత్పత్తికి వచ్చాయి. 2000లో కొండపల్లి కేంద్రం చేరింది.

వీటి ఆదాయానికి ఆధారం 1992 మార్చి 30 నాటి కేంద్ర ప్రకటన. దాని ప్రకారం విద్యుత్ ధర రెండు భాగాలు. పెట్టుబడికి సంబంధించిన స్థిర వ్యయం ఒకటి, ఇంధనానికి సంబంధించిన చర వ్యయం రెండవది. కేంద్రం 68.5 శాతం స్థాయిలో ఉత్పత్తి చేస్తే స్థిర వ్యయం పూర్తిగా వస్తుంది. కేంద్రం సిద్ధంగా ఉండి, కొనుగోలుదారు తీసుకోని విద్యుత్తును కూడా ఉత్పత్తిగానే లెక్కిస్తారు. ఆ పైన ఉత్పత్తికి ప్రోత్సాహకం ఉంటుంది. ఇంధనానికి ఒక ప్రమాణం ఉంటుంది. సంయుక్త చక్ర కేంద్రానికి యూనిట్‌కు సుమారు 2,000 కిలోకెలరీల వేడిని మాత్రమే కొనుగోలుదారు భరిస్తాడు.

ఈ నిబంధనలను శుద్ధి లెక్కలో పెట్టి చూస్తే ఒక ఆసక్తికర స్థితి కనిపిస్తుంది. పూడిక వల్ల వేడి వినియోగం ఒక్క శాతం పెరిగితే యూనిట్‌కు 20 కిలోకెలరీలు అదనం. 216 మెగావాట్ల కేంద్రం రోజంతా పూర్తిస్థాయిలో నడిస్తే అది సుమారు 12 వేల ఘనపు మీటర్ల గ్యాస్‌తో సమానం. యంత్రం ప్రమాణం కంటే మెరుగ్గా ఉన్నంతకాలం ఈ ఆదా సంస్థకు మిగులుతుంది. ప్రమాణం దాటితే నష్టం సంస్థదే. కనుక ఇంధనం వైపు నుంచి శుద్ధికి గట్టి కారణమే ఉంది. రెండో వైపు, సంవత్సరపు 8,760 గంటల్లో 31.5 శాతం, అంటే దాదాపు 2,760 గంటల వెసులుబాటు స్థిర వ్యయానికి అడ్డురాదు. ఆ పరిధిలో ఆఫ్‌లైన్ వాష్ కోసం ఆపిన గంటకు పోయేది ప్రోత్సాహకం మాత్రమే. ప్రోత్సాహకం పెద్దదైతే ఆపకుండా చేసే ఆన్‌లైన్ వాష్ వైపు, చిన్నదైతే ఆఫ్‌లైన్ వాష్ వైపు లెక్క మొగ్గుతుంది. యంత్రం మారకుండానే సరైన వ్యవధి మారుతుంది. 1858 చట్టంలాగే ఇక్కడ కూడా నియమం ప్రయోజనం స్థానంలో నిలిచింది. అయితే ప్రమాణం కంటే మెరుగైన పనితీరు లాభాన్ని సంస్థకే వదలడం వల్ల ఈ నియమం ప్రయోజనాన్ని పూర్తిగా చంపలేదు.

వినియోగదారుని వైపు నుంచి చూస్తే స్థితి వేరు. ప్రమాణానికి లోబడి ఇంధన ధర పెరుగుదల అంతా కొనుగోలుదారుకు, అక్కడి నుంచి బిల్లుకు చేరుతుంది. 2010లో ప్రభుత్వ నియంత్రిత గ్యాస్ ధర సుమారు 1.8 డాలర్ల నుంచి 4.2 డాలర్లకు పెరిగింది. పై సూత్రం ప్రకారం, సమాజం మొత్తాన్ని ఒకే యజమానిగా భావిస్తే, 20 రోజుల వ్యవధి 13 రోజులకు తగ్గవలసిన పెరుగుదల ఇది. ప్రమాణంలో సరిపోతున్న సంస్థకు ఆ ఒత్తిడి ఉండవలసినంత ఉండదు. ప్రమాణాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

8. గ్యాస్ ఆగిన దశ

2009 ఏప్రిల్‌లో కృష్ణా–గోదావరి డి–6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలైంది. ఆ గ్యాస్‌ను నమ్ముకొని వేమగిరి, గౌతమి, కోనసీమ, జేగురుపాడు విస్తరణ కేంద్రాలు నిలబడ్డాయి. అనతికాలంలోనే ఉత్పత్తి పడిపోయింది. 2013 మార్చి నాటికి ఆ క్షేత్రం నుంచి విద్యుత్ రంగానికి సరఫరా నిలిచిపోయింది. దేశమంతటా దేశీయ గ్యాస్ అందక నిలిచిన కేంద్రాల సామర్థ్యం 14 వేల మెగావాట్లు దాటింది. 2015లో కేంద్రం దిగుమతి గ్యాస్‌ను రాయితీతో వేలం ద్వారా ఇచ్చే పథకం తెచ్చింది. రెండు సంవత్సరాల ఆ పథకంతో కొన్ని కేంద్రాలు కొంతకాలం నడిచాయి. ఒప్పందకాలం ముగిసిన జేగురుపాడు తొలిదశను 2016లో రాష్ట్ర పంపిణీ సంస్థలు స్వాధీనం చేసుకొన్నాయి.

శుద్ధి వ్యవధి చరిత్రలో ఈ దశ కీలకమైనది. సూత్రంలో నష్టం పెరిగే రేటు యంత్రం నడిచే గంటలపై ఆధారపడి ఉంటుంది. గంటలు సున్నా అయితే సరైన వ్యవధి అనంతమవుతుంది. లెక్క ప్రకారం కడగనక్కరలేదు. లోహం మాత్రం ఈ లెక్కకు లోబడదు. ఆగిన యంత్రంలో రెక్కలకు అంటిన ఉప్పు డెల్టా తేమను పీల్చి లోహంలో చిన్న గుంటలు చేస్తుంది. అందువల్ల యంత్రాన్ని దీర్ఘకాలం నిలిపేముందు కడిగి, ఆరబెట్టి, పొడిగాలితో కాపాడాలి. నడిచే యంత్రంలో శుద్ధి లాభం కోసం. ఆగిన యంత్రంలో శుద్ధి ఆస్తి కోసం. మొదటిదానికి డబ్బు యంత్రమే సంపాదించి ఇస్తుంది. రెండవదానికి ఆదాయం లేని సంస్థ తన జేబు నుంచి ఇవ్వాలి. అప్పుల్లో ఉన్న సంస్థకు ఆ ఖర్చు మొదట తగ్గించదగినదిగా తోస్తుంది. నీరు రాని చెరువుకు పూడిక ఎందుకు తీయాలన్న ప్రశ్నతో ఇది సమానం. వాన వచ్చిననాడు మాత్రమే ఆ ప్రశ్నకు జవాబు తెలుస్తుంది.

9. హిందూపురం వైపు నుంచి

గోదావరి ఒడ్డున రెక్కలపై చేరిన పూడికకు, ధర్మవరం మగ్గానికి సంబంధం దూరమైనదిగా కనిపించవచ్చు. విద్యుత్ జాలం ఆ దూరాన్ని చెరిపివేసింది. అనంతపురం జిల్లా సేద్యం బోరుబావులపై ఆధారపడింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ప్రకటించిన తర్వాత ఆ ఖర్చు ప్రభుత్వ రాయితీగా మారింది. మగ్గాలు, పట్టు రీలింగ్ కేంద్రాలు, హిందూపురం పారిశ్రామికవాడలు బిల్లు చెల్లించే వినియోగదారులు. 2012లో రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్ విరామాలు విధించారు. ఆ సంవత్సరాల్లోనే ఇంధన సర్దుబాటు చార్జీలు బిల్లుల్లో వివాదాస్పదమయ్యాయి. ఏ కేంద్రంలో వేడి వినియోగం ఎంత పెరిగిందో, ఎంత భాగం పూడిక వల్లనో తెలుసుకునే మార్గం ఆ వినియోగదారునికి లేదు. జాలం చివర ఉన్నవాడు పూడిక ఖర్చు భరించాడు, పూడిక తీయించే అధికారం మాత్రం అతనికి లేదు.

ఈ ప్రాంతం ఇప్పుడు వినియోగదారు మాత్రమే కాదు, ఉత్పత్తిదారు కూడా. 1990ల్లోనే ధర్మవరం సమీపాన రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. నంబులపూలకుంట సౌర పార్కులో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల కేంద్రం 2016లో పూర్తయింది. 2022లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరంతోపాటు ఈ పార్కూ ఉంది. సౌరఫలకాలపై దుమ్ము చేరితే ఉత్పత్తి తగ్గుతుంది. కడిగితే పెరుగుతుంది. ప్రశ్న మళ్లీ అదే: ఎన్నాళ్లకొకసారి? సౌర విద్యుత్ ధర ఒకే భాగం. అమ్మిన యూనిట్‌కే డబ్బు. కనుక భారం, ఫలం సంస్థ చేతిలోనే కలిసి ఉన్నాయి. అయితే సంస్థ లెక్కలోకి పూర్తిగా రాని మూడో వస్తువు ఒకటుంది, అది నీరు. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వర్షం కురిసే ప్రాంతంలో, బోరుబావులు ఎండే సీమలో, ఫలకాలు కడిగే నీటికి సంస్థ చెల్లించే ధర, ఊరికి ఆ నీటి విలువ ఒకటి కావు. నీటికి అసలు విలువ కడితే శుద్ధి వ్యవధి పెరుగుతుంది, లేదా నీరు లేని బ్రష్ పద్ధతులు లాభసాటి అవుతాయి. గ్యాస్ టర్బైన్ పొడి పద్ధతిని వదిలి నీటికి వచ్చింది. సౌరఫలకం ఈ సీమలో నీటిని వదిలి పొడి పద్ధతికి రావలసిన అవసరం ఉంది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. కంప్రెసర్ శుద్ధికి సరైన వ్యవధి స్థిరసంఖ్య కాదు. అది ఇంధన ధర, ఆపిన గంట విలువ, నడిచిన గంటలు, స్థానిక వాయుగుణం కలిసి ఇచ్చే ఫలితం. విజ్జేశ్వరంలో వాటాదారుల ఏర్పాటు భారాన్ని, ఫలాన్ని ఒకచోట చేర్చింది. 1992 నాటి టారిఫ్ వాటిని కొంత విడదీసి నియమంతో కలపజూసింది. 2013 తర్వాత నడక ఆగడంతో లాభం ఆధారంగా జరిగే శుద్ధికి పునాదే పోయింది. ఆస్తి రక్షణ కోసం జరగవలసిన శుద్ధికి ఒప్పందాల్లో చోటు ఎంత అన్న ప్రశ్న మిగిలింది.

దశబంధం రాసిన కాలానికి కంప్రెసర్ తెలియదు. అయినా పూడిక తీసేవానికి ఆ నీటితోనే పండే భూమిని ఇవ్వాలన్న దాని సూత్రం విద్యుత్ కొనుగోలు ఒప్పందాలకు కూడా వర్తిస్తుంది. వేడి వినియోగపు ప్రమాణాన్ని కాలానుగుణంగా సవరించడం, ప్రతి కేంద్రపు వేడి వినియోగాన్ని వినియోగదారునికి తెలిసేలా ప్రకటించడం, ఆగిన యంత్రాల సంరక్షణకు ప్రత్యేక నిధి ఏర్పరచడం, సౌరకేంద్రాల శుద్ధి నీటికి స్థానిక విలువ కట్టడం ఆ సూత్రాన్ని నేటి పరిస్థితికి అన్వయించే మార్గాలు. తెలుగు ప్రాంతపు సాంకేతిక చరిత్రలో నిర్మాణాలతోపాటు నిర్వహణ కూడా పరిశోధనాంశం కావాలి. ఆ దిశగా విద్యుత్ కేంద్రాల కార్మికుల వాడుకమాటలు, నిర్వహణ పుస్తకాల్లోని నమోదులు, టారిఫ్ ఉత్తర్వులు పరిశోధకులకు విస్తృతమైన ఆకరాలు.